పెద్దమ్మ ఇంటి అడవికోడి

గజపతినగరం దాటాక కొండవారన మా పెద్దమ్మకి కొంచెం మెట్ట ఉండేది. చోళ్లు, అంటే రాగులు, వేసేది. ఒక వేసవిలో గట్టు మీద తుప్పలు కొట్టిస్తుంటే ఎండుటాకుల్లో గుడ్లు కనిపించాయి. అడవికోడి అలికిడికి ఎగిరిపోయి, సాయంత్రం దాకా తిరిగి రాలేదట. పెద్దమ్మ ఆ గుడ్లు కొంగులో వేసుకొచ్చి, ఇంట్లో పొదుగుతున్న పెట్ట కింద పెట్టింది. పిల్లలైన వాటిలో ఒక్కటే బతికి పుంజయింది.

మరుసటి ఏటికి నేను విజయనగరంలో బీఎస్సీ చదువుతున్నాను. దసరా సెలవులిస్తూ మా జువాలజీ మేష్టారు ఒక పని అప్పజెప్పారు. ఏదో ఒక జంతువునో పక్షినో రోజూ గమనించి, అది అడవిదో పెంపుడుదో కారణంతో సహా క్లాసులో చెప్పాలి. నాకు పెద్దమ్మ పుంజే గుర్తొచ్చింది. పేరులోనే అడవి ఉంది, ఇంక చూడ్డానికేముంది అనుకుని వాళ్లింటికి వెళ్లాను.

పొద్దు గూకితే మిగతా కోళ్లు గంప కిందికి చేరేవి. ఇది మునగచెట్టెక్కేది. తెల్లారగానే కొండకి పోయి, మధ్యాహ్నం వచ్చి పెద్దమ్మ చేతిలో చోళ్లు తినేది. నేను చెయ్యి చాస్తే ఇంటికప్పు మీదికి ఎగిరేది.

ఒకరోజు పక్కింటాయన పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. "అప్పా, కొండకాడ మంచి పుంజు తిరుగుతన్నాది. ఉచ్చు పెడతన్నాను" అన్నాడు.

"అది నా కోడిరా. నా ఇంట్లో పుట్టినాది. దాని జోలికెళ్లకు" అంది పెద్దమ్మ.

సరే, పెంపుడుదే అనుకున్నాను.

పండగనాడు పెద్దమ్మ అల్లుడొచ్చాడు. పెద్దనాన్న ఆ పుంజును కోద్దామన్నారు.

"అది మనదేటి? అడివిది. దాని తిండి అది తింటన్నాది, దాని సోటు అది సూసుకుంటన్నాది. మనమెలా కోస్తాం?" అంది పెద్దమ్మ.

నేను ఆగలేకపోయాను. "పెద్దమ్మా, మొన్న నాదన్నావు. ఇయ్యాల అడివిదంటన్నావు. నానేటి సెప్పాల మేష్టారికి?"

"నీకేటి కావాలో అది సెప్పుకో. ముందు అన్నం తిను" అంది.

క్లాసులో లేచి, పొద్దున్న అడవిది, మధ్యాహ్నం పెంపుడుది అన్నాను. అందరూ నవ్వారు. మేష్టారు నవ్వలేదు. "గింజలు వెయ్యడం మానేస్తే వస్తుందా?" అని అడిగారు. తెలీదన్నాను. కనుక్కోమన్నారు.

ఆ ఆదివారం వెళ్లి పెద్దమ్మకి చెప్తే, "మీ మేష్టారిని ముందు తిండి మానీమను, ఏటవుతాదో సూద్దాం" అంది.

చలికాలంలో పెద్దమ్మకి జబ్బు చేసింది. విజయనగరం ఆస్పత్రిలో చాలా రోజులు ఉంచారు. పెద్దనాన్న అక్కడికీ ఇక్కడికీ బస్సుల్లో తిరుగుతూ, ఇంట్లో ఉన్న రోజు మునగచెట్టు కింద చోళ్లు చల్లేవారు. పుంజు ఒకటి రెండుసార్లు కప్పు మీదికొచ్చి చూసి పోయిందట. తర్వాత అదీ లేదు.

పెద్దమ్మ ఇంటికొచ్చాక నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలో కూర్చుని బా బా అని పిలిచింది. ఇంటి కోళ్లన్నీ పరిగెత్తుకొచ్చాయి. అది రాలేదు. మర్నాడూ పిలిచింది. మూడో నాడు చేతిలో చోళ్లు అలాగే డబ్బాలో పోసేసి, "అడివిదే లెండి" అంది పెద్దనాన్నతో.

కాలేజీకెళ్లి మేష్టారికి చెప్పాను. "అయితే అడవిదే అన్నమాట" అన్నారు. ఆయన తృప్తిపడినట్టే ఉంది. నేనూ తలూపాను.

మెట్లు దిగుతుంటే మళ్లీ అనుమానం వచ్చింది. అది ఆవిడ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ తినేది కాదు. ఆవిడ కనిపించకే పోయిందేమో. అలా పోయినదాన్ని అడవిదని ఎలా అంటాం? వెనక్కి వెళ్లి అడుగుదామని స్టాఫ్ రూము దాకా వెళ్లాను. మేష్టారు టీ తాగుతూ ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఏమని అడగాలో తెలియక గుమ్మం దగ్గర్నుంచే హాస్టలుకి వెళ్లిపోయాను.