పేరు మారిన మొక్కు

మునీశ్వరి వాకిట్లో ముగ్గు చూసి పుంగనూరులో ఆ వీధి ఆడవాళ్లు తమ ముగ్గులు సరిచేసుకునేవాళ్లు. ఇప్పుడు నాలుగు చుక్కలు, ఒక గీత, అంతే. ఐదున్నర బస్సెక్కాలి, పలమనేరులో మారాలి, కుప్పం ఆసుపత్రి చేరాలి. ఆయన పోయి రెండేళ్లయింది. ఎక్కడికని అడిగేవాళ్లు ఇంట్లో లేరు.

ఆసుపత్రిలో ఉన్నది చెల్లెలు అమరావతి కూతురు అనిత. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగు చదువుతూ, తిండంటేనే భయపడే జబ్బులో పడింది. గుండె నీరసించిందని మదనపల్లె నుంచి తెచ్చి చేర్పించారు. డాక్టరమ్మ రెండు మాటలు గట్టిగా చెప్పింది. పిల్ల ఒంటి గురించి ఎవరూ ఎత్తకూడదు. తినే వేళకు అమ్మానాన్నలు పక్కన కూర్చుని మామూలుగా తినాలి.

మొదటి మాటకు మునీశ్వరే కాపలా. డజను అరటిపండ్లతో, బోలెడు జాలితో చూడవచ్చిన చుట్టం వసంతమ్మను వరండాలోనే కూర్చోబెట్టి, ఆమె నోరు తెరిచినప్పుడల్లా ఒక పండు వలిచి చేతిలో పెట్టింది. ఐదో పండుకు వసంతమ్మకు బస్సు గుర్తొచ్చింది.

చిక్కంతా రెండో మాటతోనే. బిడ్డ బాగయ్యేదాకా పొద్దుగూకేవరకు ఏమీ ముట్టనని, ఒక్కపొద్దు ఉంటానని అమరావతి గంగమ్మకు మొక్కుకుంది. తొమ్మిది రోజులుగా క్యాంటీన్‌లో తిన్నానని అబద్ధం చెబుతోంది. ఆ మంగళవారం ఇడ్లీ ప్లేటు ముందు పెట్టగానే అనిత తలెత్తకుండా అంది.

"అమ్మ తినకుండా ఉండొచ్చు. నన్నే యాల అడుగుతారు పెద్దమ్మా?"

మునీశ్వరి చెల్లెల్ని బయటికి లాక్కొచ్చింది.

"యా గంగమ్మకు మొక్కినావు?"

"మన పుట్టింటి గంగమ్మకే అక్కా."

"ఆ ఇంటికి పెద్దకూతుర్ని నేను. నన్నడక్కుండా మొక్కేదానికి నువ్వెవురు? దాన్ని నా పేరుకు మార్చు."

"అట్ల మార్చొచ్చా?"

"రేషన్ కార్డు మారస్తాండారు, కరెంటు మీటరు మారస్తాండారు. అమ్మోరి కాడ జెరాక్సులు అడుగుతారా? పొయ్యి తిను. ఆకలి ఇంక నాది."

అమరావతి ఏడుస్తూ నవ్వి, కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి కూతురి పక్కన కూర్చుంది. తల్లి రెండో ముద్ద మింగేదాకా చూసి, అనిత ఒక చిన్న తునక తుంచింది. ముప్పావుగంట పట్టింది. ప్లేటులో సగం మిగిలింది. ఎవరూ మెచ్చుకోకుండా మునీశ్వరి అందరినీ కళ్లతోనే అదిమింది.

తర్వాత క్యాంటీన్‌లో ఆమె మసాలా దోసె తింటుంటే, టీ గ్లాసుతో మరిది, అనిత తండ్రి దేవరాజులు కనబడి నిలబడిపోయాడు.

"వదినా, ఒక్కపొద్దు అంటివే?"

"తీసుకున్న్యా. ఎప్పుడు మొదలుపెడతానో గంగమ్మకింకా చెప్పలా. నువ్వు టీలతో కడుపు నింపేది ఆ బిడ్డకు కనబడదనుకుంటివా? మద్దేన్నానికి నువ్వు గూడా లోపల కూర్చుని తినల్ల."

దేవరాజులు తల గీరుకున్నాడు. మధ్యాహ్నం అన్నం పొట్లం పట్టుకుని లోపలికి పోయాడు.

సాయంత్రం మునీశ్వరి ఇల్లు చేరింది. ఒక్కపొద్దు ఉన్న మనిషి ఇల్లంతా కడిగి, గడపకు పసుపు రాసి, దీపం పెట్టాలి. అలవాటుగా బక్కెట నిండా నీళ్లు పట్టాక ఆగింది. ఇప్పుడు ఇల్లు కడిగితే, మొక్కు మొదలైందని గంగమ్మ అనుకోదూ? చీపురును తలుపు వెనక్కి తోసి, దుమ్ము కాళ్లతోనే నట్టింట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది.