బట్టల మిషన్ నడక నేర్చిన రోజు

ఇల్లు కూలలేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ రెండూ తప్ప మిగతా ఘోరమంతా ఆ ఆదివారం కాశిబుగ్గలోని మా అత్తవారింట్లో జరిగింది. చేసింది నేనే కనుక పూర్తి వివరాలు నా దగ్గరే దొరుకుతాయి.

అప్పట్లో నేను హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు పరికరాల ఇన్‌చార్జిని. నా చేతికింద సెంట్రిఫ్యూజ్ అనే యంత్రం ఉండేది. గొట్టాల్లో ద్రవం పోసి గిర్రున తిప్పితే అందులోని మడ్డిని అడుక్కి చేరుస్తుంది. దాన్ని తిప్పేవాడికి లోకంలో తిరిగే ప్రతి వస్తువు మీదా అధికారం ఉంటుందని నా నమ్మకం. మిక్సీ, ఫ్యాను, గ్రైండరు, ఎవరింట్లో ఏది మొరాయించినా అడక్కముందే సలహా ఇచ్చేవాణ్ణి. విన్నవాళ్లు మళ్లీ పిలిచేవాళ్లు కాదు. అంత బాగా బాగైపోయిందన్నమాట అనుకునేవాణ్ణి.

పెళ్లయిన కొత్త. జంపఖానాల వ్యాపారం చేసే మా మామగారు ముందువైపు తలుపుండే వాషింగ్ మిషన్ కొన్నారు. బిగించే మనిషి మరునాడు వస్తానన్నాడు.

"రేపటిదాక ఎందుకు అత్తమ్మా? నేనున్న గదా!" అన్నాను.

"డబ్బాల బుక్కున్నది. ముందుగాల అది చదువుండ్రి," అంది నా భార్య స్వప్న.

"బుక్కు తెల్వనోళ్లకు. ఇది మా సెంట్రిఫ్యూజ్‌కు సొంత చెల్లెలు."

"సదువుకున్న అల్లుడు దొరుకుడు మా అదృష్టం బిడ్డా," అని అత్తమ్మ మురిసిపోయింది. పాపం.

మిషన్ వెనక నాలుగు పొడుగాటి బోల్టులున్నాయి. పక్కనే ఎర్ర స్టిక్కర్ మీద ఏదో హెచ్చరిక. చూడ్డానికి బాగాలేదని స్టిక్కర్ పీకేశాను. బోల్టులను మాత్రం పానా పట్టి ఇంకో చుట్టు బిగించాను. గట్టిగా ఉన్నదాన్ని ఇంకా గట్టి చేయడమే కదా ఇంజనీరింగ్! నీళ్లు పోయే గొట్టాన్ని వాష్‌బేసిన్‌లో వేలాడదీసి, దుప్పట్లు వేసి, బటన్ నొక్కాను.

నీళ్లొచ్చాయి, నురగొచ్చింది. మామగారు అద్దంలోంచి తొంగిచూసి, "మీ చేతిల ఏదో మహిమ ఉన్నదండి," అని మెచ్చుకుని, పక్కనే ఉన్న బాత్రూంలోకి స్నానానికి వెళ్లారు. ఆ పూట మడికొండలో వాళ్ల తమ్ముడి గృహప్రవేశం. పాలు పొంగించే ముహూర్తానికి ఇంటికి పెద్దగా ఆయన ముందుండాలి.

ఇంతలో బట్టలు పిండే ఘట్టం వచ్చింది.

"ఇగో, ఇప్పుడు సూడు," అన్నాను స్వప్నతో.

మిషన్ ముందు వణికింది. తర్వాత దడదడలాడింది. ఆ తర్వాత, మీరు నమ్మాలి, నడిచింది. బోనాల్లో పోతరాజులా ఎగురుకుంటూ బయల్దేరింది.

"అయ్యో, అది పోతాంది! పట్టుకోరాదుండ్రి!"

రెండు చేతులా కౌగిలించుకున్నాను. అది ఆగలేదు సరికదా, నేనూ ఊగడం మొదలుపెట్టాను. లోపల్నుంచి మామగారు, "బయట ఏమైతాందండి? భూకంపమా?" అని కేకేశారు.

"ఏ... ఏం లే... లేదు మా... మామయ్యా! ఉ... ఉతుకుతాంది!"

గొట్టం బేసిన్‌లోంచి ఊడి, సబ్బునీళ్లు హాల్లోకి చిమ్మాయి. చివరికి వైరు సాగి సాగి ప్లగ్గు ఊడిపోయింది. మిషన్ ఆగింది. ఎక్కడ? సరిగ్గా బాత్రూం తలుపుకు ఆనుకుని. ఆ తలుపు బయటికే తెరుచుకుంటుంది.

"తలుపు వస్తలేదేంది?"

"జర ఆగుండ్రి మామయ్యా, మిషిన్ అడ్డమొచ్చింది."

"మిషిన్ అడ్డమొచ్చుడేంది? దానికేమన్న కాళ్లున్నయా?"

"ఇయ్యాల్నే వచ్చినయి మామయ్యా."

అప్పుడే మడికొండ నుంచి ఫోను. అత్తమ్మ ఎత్తింది. "మీ అన్ననా? బాత్రూంల ఉన్నడు. ఎప్పుడొస్తడా? అల్లుడు బయటికి తీసినంక వస్తడు!"

నేను ఎంత నెట్టినా మిషన్ ఇసుమంతైనా కదల్లేదు. ఇందాక అంత హుషారుగా నడిచిన యంత్రం ఇదేనా అనిపించింది. స్వప్న మాత్రం నీళ్లు తగలకుండా కాళ్లు పైకి పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని బుక్కు తీసింది. పైకే చదివింది.

"వాడుటకు ముందు వెనుక ఉన్న నాలుగు బోల్టులను తప్పక తీసివేయవలెను. రవాణాలో లోపలి డ్రమ్ము కదలకుండుటకు మాత్రమే ఇవి బిగించబడినవి. తీయనిచో యంత్రం తీవ్రంగా కంపించి స్థానం మారవచ్చును." ఆగి నావైపు చూసింది. "తీసిన్రా?"

"బిగించిన," అన్నాను.

చివరికి అత్తమ్మే పాత జంపఖానా ఒకటి తెచ్చింది. నేను మిషన్‌ను వెనక్కి వంచితే, దాని కాళ్ల కింద జంపఖానా దూర్చి, ముగ్గురం కలిసి లాగాం. సబ్బునీళ్ల మీద పడవలా జారింది. మామగారు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చారు. అప్పటికి మడికొండలో పాలు పొంగడం, పరమాన్నం వండటం, తినడం కూడా అయిపోయాయి.

ఆయన హాలంతా ఒకసారి కలియజూసి, కుర్చీలో కూర్చుని మా నాన్నకు ఫోన్ చేశారు.

"బావా, మంచిగున్నవా? ఏం లేదు, ఒక్కటి అడుగుదామని చేసిన. మీ పిలగాన్ని మా ఇంటికి పంపేటప్పుడు ఎనక బోల్టులు తీసి పంపిన్రా, మర్చిపోయిన్రా?"

ఆ సబ్బునీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, నేల తుడుస్తూ భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ కొత్త యంత్రాన్నీ బుక్కు చదవకుండా ముట్టుకోను. చదివాక అసలే ముట్టుకోను.