అప్పలసూరి కొన్న వెనక సీటు

అప్పలసూరి దృష్టిలో మోటారు సైకిలంటే ముందు చెవులకి వినబడాలి, తర్వాతే కళ్లకి కనబడాలి. తొంభై ఎనిమిదిలో టెక్కలిలో ఓ కాంట్రాక్టరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న ఆర్ఎక్స్ హండ్రెడ్ ఆ లెక్కన మేలిమి బంగారం. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డునుంది వాళ్ల పేట. అక్కడ అతను కిక్కు కొడితే జీడితోటల్లో కాకులన్నీ లేచేవి.

చీకటితో వేటకి పోవడం, పొద్దెక్కేసరికి పడవ ఒడ్డుకి లాగడం, వంజరం చేపలో కానాగంతలో పడినవి రెండు తట్టలకెత్తి బండి వెనక ఇనప క్యారేజీకి అటొకటి ఇటొకటి కట్టడం, మధ్యలో పెళ్లాం నాగమణిని ఎక్కించుకుని కాశీబుగ్గ చేపల బజారుకి ఎగరేసుకుపోవడం. తొమ్మిదేళ్లు ఇదే బతుకు. "సేప ఊపిరి పోయినాక మనమాగితే బేరం ఊపిరి పోద్ది" అనేవాడు.

ఉద్దానంలో ఆ రోజుల్లో రోడ్డంటే రెండు వానల మధ్య కనిపించి మాయమయ్యే వస్తువు. గొయ్యి వస్తే తప్పించుకుపోవడం అప్పలసూరికి నామోషీ. దూకించేవాడు. ముందు కూర్చున్నవాడికేం, చేతిలో హ్యాండిలుంటుంది, కాళ్ల కింద ఊతముంటుంది. వెనక చీర సర్దుకుని ఒకవైపుకి కూర్చున్న మనిషికి ఏముంటుంది? నడుముంటుంది. ఈ చిన్న సంగతి మన వీరుడికి తట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అదీ తనంతట తట్టలేదు. రెండు వేల ఏడు మాఘమాసంలో ఓ ఉదయం నాగమణి చాప మీంచి లేవలేకపోయింది.

టెక్కలి డాక్టరు ఫోటో తీయించి దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. నడుం ఎముకల మధ్య మెత్తదనం అరిగిపోయిందన్నాడు. తల మీద బరువు వద్దన్నాడు, గతుకుల్లో ఆటో వద్దన్నాడు, బస్సులో వెనక సీటు వద్దన్నాడు. "ఆ మోటారు సైకిలైతే అసలు ఊసే ఎత్తొద్దు" అని అప్పలసూరి వైపు చూశాడు. అప్పలసూరి నేల చూపులు చూశాడు.

నాగమణి గురించి ఇక్కడ ఓ మాట చెప్పాలి. పలాస, కాశీబుగ్గల్లో ఆమె దగ్గర చేపలు కొన్నవాళ్లలో తిట్లు తినని వాళ్లు లేరు. చేపని నొక్కి చూస్తే తిట్టేది, బేరమాడితే తిట్టేది, బేరమాడకుండా కొనేస్తే "ఇంట్లో అడగరేటి నిన్ను?" అని దానికీ తిట్టేది. ఆ తిట్ల కోసమే పని కట్టుకుని వచ్చేవాళ్లున్నారు. అలాంటి మనిషి ఇంట్లో పడ్డాక నోరు మూసేసింది. కూర బాగోలేదంటే ఊ, బాగుందంటే ఊ. అప్పలసూరి కావాలని తడికాళ్లతో ఇల్లంతా తొక్కి చూశాడు. పల్లెత్తు మాటనలేదు. అతనికి భయం పట్టుకుంది.

దీనికి తోడు బజారులో ఆడవాళ్ల కట్టుబాటు ఒకటుంది. ఏటా వేసవిలో సర్కారు వేట ఆపుతుంది. ఆ నిషేధం తీరి పడవలు మళ్లీ నీళ్లలో దిగిన మొదటి రోజున ఎవరు వచ్చి ఎక్కడ కూర్చుంటారో ఆ ఏడాదంతా ఆ జాగా వాళ్లది. రాని మనిషి జాగా అడిగిన మనిషికి పోతుంది. పోయిన జాగా తిరిగి రావడమన్నది ఎవరూ చూడలేదు. బజారుకి పెద్ద దిక్కు సరోజిని. నిషేధం మొదలైన వారంలో ఆవిడ పనిగట్టుకుని పేటకి వచ్చింది.

"ఓలమ్మా, నీ జాగాకి మందసోల్ల పిల్లొకత్తి తట్ట పుచ్చుకుని కాసుక్కూకుంది. పడవలు దిగిన రోజు నువ్వు రాకపోతే నానాపలేను. కట్టుబాటు కట్టుబాటే" అంది.

"అలగే" అంది నాగమణి. అంతకు మించి ఒక్క మాట లేదు. అప్పలసూరి గుమ్మం బయట వల బాగుచేస్తూ ఆ ఒక్క 'అలగే' విన్నాడు. వల కింద పడేసి లేచాడు.

మర్నాటి నుంచి అతను వెతికింది బండి కాదు, నాగమణిని కుదుపు లేకుండా బజారుకి చేర్చే వెనక సీటు. నందిగాంలో ఒకటి, రావివలసలో ఒకటి, పలాసలో రెండు చూశాడు. ఏదీ నచ్చలేదు. చివరికి మందసలో జీడిపిక్కల వ్యాపారం చేసే మన్మథరావు కరిజ్మా అమ్ముతున్నాడని తెలిసింది. ముందు అద్దం, ఒళ్లంతా తొడుగు, దూరాలు పోయేవాళ్ల కోసం చేసిన బండి. మన్మథరావు రెండేళ్లు షోకుగా తిరిగి, ఇప్పుడు కారు కొనుక్కుని దీన్ని షెడ్డులో పెట్టాడు.

"ఇదిగో తాళం. నడిపి సూసుకో" అన్నాడు మన్మథరావు.

అప్పలసూరి తాళం అందుకోలేదు. "నాను నడపను బాబూ. మీరు నడపండి. నానెనక కూకుంటాను."

"ఏటీ?"

"కొనీది నా కోసం కాదు గదా."

మన్మథరావు నవ్వుకుంటూ ఎక్కాడు. అప్పలసూరి లుంగీ సర్దుకుని, రెండు కాళ్లూ ఒకే పక్కకి వేసి, ఆడమనిషిలా ఒకవైపుకి కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, బారెడు మీసం, సముద్రంలో మోకు లాగి లాగి రోకళ్లలా తిరిగిన చేతులు. ఆ అవతారంతో మందస బజారు మధ్యలోంచి పోతుంటే కొట్ల వాళ్లు త్రాసులు వదిలేసి రోడ్డు మీదికొచ్చారు. ఎవడో ఈల వేశాడు. మన్మథరావుకి సిగ్గేసి తల వంచుకున్నాడు గానీ, అప్పలసూరి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఓ చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎక్కడ కుదుపు తగులుతోందో చూసుకుంటున్నాడు.

"ఇంకా పాడు రోడ్డు నేదేటి బాబూ ఇక్కడ?"

"ఇదే పాడు రోడ్డయ్యా!"

"మరి తెలీలేదే" అన్నాడు అప్పలసూరి. ఆనందం ఆపుకోలేకపోయాడు పాపం.

నేనైతే అంటాను, బండి కొనడం అంటే అదీ. లీటరుకి ఎంతిస్తుందని అడిగేవాళ్లని చూశాం, అద్దంలో తన మొహం చూసుకునేవాళ్లని చూశాం. వెనక కూర్చోబోయే మనిషి నడుముని తన నడుముగా చేసుకుని చూసినవాణ్ణి ఎవరు చూశారు? ఆ ఏడాది తర్వాత ఆ పేటలో బండి బేరానికి పోయినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఒకవైపుకి కూర్చుని చూశారని విన్నాను. మొదట నవ్విందీ వాళ్లే.

ఆర్ఎక్స్‌ని ఇచ్చేసి, పైన మరికొంత కలిపి కరిజ్మా తెచ్చుకున్నాడు. పాత బండిని మన్మథరావు గోడౌన్లో నిలబెట్టి వచ్చేటప్పుడు టాంకు మీద అరచేత్తో ఒకసారి రాశాడు. చేపల తట్టలు ఇక పేటలో ఆటో నడిపే పోలారావు బండిలో పోతాయి, కొత్త బండికి క్యారేజీ లేదు. పోలారావు ఊరుకుంటాడా? "మింగ మెతుకు నేదు గానీ మీసాలకి సంపెంగ నూనట" అన్నాడు అందరూ వినేలా. అప్పలసూరి బండిని నేరుగా పలాసలో సీట్ల షాపుకి తీసుకుపోయాడు. వెనక సీటు ముందుకి వాలి జారుతోందని అతను మందసలోనే పట్టేశాడు. దాన్ని సాపు చేయించి, మందంగా స్పాంజి వేయించి, కాళ్లు పెట్టుకోవడానికి వెడల్పుగా ఓ పట్టీ కట్టించాడు. నిషేధం ఆ రాత్రితో తీరుతుందనగా బండి చేతికొచ్చింది.

ఇంతవరకూ అన్నీ బుద్ధిగా చేసినవాడు ఆ సాయంత్రం ఓ ఘనకార్యం చేశాడు. సముద్రపు గాలికి ఇనుము బతకదు. పేటలో సైకిలు రెండేళ్లకే మట్టిలో కలుస్తుంది. అప్పలసూరి ఆర్ఎక్స్ తొమ్మిదేళ్లు తుప్పు లేకుండా నిలిచిందంటే కారణం సొరనూనె. సొరచేప కార్జం కాచి తీసే ఆ నూనెని పడవ చెక్కకి పూస్తారు, ఉప్పు ఎక్కకుండా. అతను బండికీ పూసేవాడు. అదే ప్రేమతో కరిజ్మాకీ నిలువునా పట్టించాడు. ముందు చక్రం పక్కన పళ్లెంలా తళతళలాడే ఇనప బిళ్ల కనబడింది. ఇంత నున్నటిది ముందే తుప్పు పడుతుందని దానికి రెండు పూతలు ఎక్కువేశాడు. పాత బండికి బ్రేకు చక్రం పొట్టలో దాగి ఉండేది. ఈ బండికి ఆ బిళ్లే బ్రేకని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

తెల్లవారి వేట బాగా పడింది. తట్టలు పోలారావు ఆటోలో ముందు వెళ్లిపోయాయి. నాగమణి బండి దగ్గరికొచ్చి, సీటు నొక్కి చూసి, ఏమీ అనకుండా ఎక్కింది. అప్పలసూరి పెళ్లికొడుకు పల్లకీ మోసే బోయీలా జాగ్రత్తగా కదిలించాడు. గోతుల దగ్గర ఆగి, పక్కకి పోయి, మెల్లగా దించి ఎక్కించాడు. ముందు బ్రేకు అవసరమే రాలేదు.

"నొప్పెట్టిందేటి?" అన్నాడు నాలుగోసారి.

"నువ్వు అడక్కపోతే నొప్పి సంగతే గురుతు రాదు" అంది నాగమణి. నాలుగు నెలల్లో అదే పెద్ద మాట. అప్పలసూరి పొంగిపోయాడు. రోడ్డు కాస్త బాగుపడ్డాక కొంచెం వేగం పెంచాడు.

అప్పుడే జీడితోట దారిలోంచి బస్తాల ట్రాక్టరు అడ్డంగా రోడ్డెక్కింది. అప్పలసూరి ముందు బ్రేకు పట్టాడు. చేపని పట్టుకున్నట్టు జారిపోయింది. మళ్లీ పట్టాడు. ఏమీ లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక బ్రేకు ఒక్కసారిగా తొక్కితే బండి పక్కకి కొడుతుంది, ఒకవైపుకి కూర్చున్న మనిషి గాల్లోకి లేస్తుంది. హ్యాండిలు గభాలున తిప్పినా అంతే.

ఒడ్డుకొచ్చే పడవని అలకి అడ్డం తిప్పకూడదు. తిప్పితే బోల్తా. ముక్కు సూటిగా పెట్టి ఇసకలోకి పోనివ్వాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేతులకి తెలిసిన విద్య అది. రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసక కుప్ప కనబడింది. "గట్టిగా వట్టుకో!" అని అరిచి, ముక్కు సూటిగా అందులోకి పోనిచ్చాడు. చక్రం మెత్తగా దిగబడి, బండి ఓ నిట్టూర్పు విడిచి నిలబడిపోయింది. నాగమణి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

ట్రాక్టరువాడు చూడకుండానే వెళ్లిపోయాడు. అప్పలసూరి దిగి ఇసకలో కూలబడ్డాడు.

"నడుం... నడుం ఎలగుంది?"

నాగమణి దిగి, ముందు చక్రం దగ్గర వంగి వాసన చూసింది.

"సొరనూని రాసినావేటి దీనికి?"

"తుప్పట్టీద్దని..."

"పడవకి బ్రేకుల్లేవు మావా, అందుకని రాత్తారు!"

అతను నవ్వలేకపోయాడు. "నా వల్ల కాదు నాగమణీ. నీకేటన్నా అయితే నాను బతకను. నడుసుకుంటూ ఇంటికి పోదుం. జాగా పోతే పోనీ. ఇంట్లో నిన్ను కూకోబెట్టి సూసుకుంటాను."

నాగమణి అతని వైపు తిరిగింది.

"ఇంట్లో కూకుంటే నాకేటీ అవదనుకున్నావేటి? నాలుగు నెల్ల నుంచి అవుతూనే ఉన్నాది. గోడకీ నాకూ తేడా నేదు. నువ్వు సూసినావు, సూసే గదా ఈ బండి తెచ్చినావు? ముందు బ్రేకు ముట్టుకోకు. ఎనక దానితోటే మెల్లగా పోనీ. లెగు. ఎక్కు."

అప్పలసూరి లేచాడు. ఇద్దరూ కలిసి ఇసకలోంచి బండి లాగారు. ఆమె నడుం పట్టకుండా బరువంతా తన మీదకే తీసుకున్నాడు. అక్కడి నుంచి కాశీబుగ్గ దాకా ఆ బండి ఎలా పోయిందంటే, చిన్నపిల్లలు సైకిళ్ల మీద గంట కొట్టుకుంటూ దాటిపోయారు. ఒకప్పుడు బస్సుని దాటకపోతే అన్నం సయించని మనిషి పక్కకి జరిగి వాళ్లకి దారిచ్చాడు.

బజారులో సరోజిని నాగమణి జాగా దగ్గర నిలబడి ఉంది. పక్కనే మందస పిల్ల తట్ట చంకనెట్టుకుని ఎదురు చూస్తోంది. నాగమణిని చూసి ఆ పిల్ల ఓ అడుగు వెనక్కి వేసింది. నాగమణి ఒక చెయ్యి గోడకి ఆనించి, మెల్లగా, తన జాగాలో కూర్చుంది. పోలారావు తట్టలు దించాడు.

అప్పలసూరి దూరంగా ఐసు బళ్ల పక్కన నిలబడ్డాడు. మెకానిక్కు దగ్గరికి పోవాలి గానీ ఇంకా పోబుద్ధి కావడం లేదు. తెల్ల చొక్కా మేష్టారొకాయన వచ్చి, కానాగంతనొకదాన్ని ఎత్తి, పొట్ట మీద బొటనవేలితో నొక్కాడు.

"ఏం బాబూ, ఆ సేప నీకు సుట్టమేటి, పొట్ట తడుముతన్నావు? పొద్దున దాకా సముద్రంలో ఈదినాది అది! కొనీవోడివైతే కొను, నేకపోతే దింపు! సదూకున్నోడివి, సేపని సూసి తెలుసుకోలేవేటి?"

బజారంతా నాగమణి వైపు తిరిగింది. మేష్టారు నవ్వుతూ నాలుగు తీసుకున్నాడు. వెనకనున్న ఆవిడ తోసుకుంటూ ముందుకొచ్చి తానూ ఒకటి నొక్కింది, ఆవిడకీ పడ్డాయి. ఐసు బళ్ల పక్కన అప్పలసూరి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ తిట్లన్నీ ఒక్కటీ పోనివ్వకుండా విన్నాడు.