నత్తి వేషం

సహోదరులారా, కోపంతోనే మొదలుపెడుతున్నాను, ఓర్చుకోండి. ఇందాక ఈ ప్రార్థన మందిరం వాకిట్లోనే మీలో ఒకరు నా భుజం మీద చెయ్యి వేసి "అన్నా, ఆ నత్తి వేషం జర ఒక్కపారి ఏసి చూపియ్యరాదే" అన్నారు. ప్రభువు కడిగిన నోటిని మళ్లీ బురదలో పెట్టమంటారా?

నేను నాటకాల కంపెనీలో హాస్యగాణ్ణి, నా మాటలు నేనే రాసుకునేవాణ్ణి. ఎట్లా రాసేవాణ్ణో వినండి. ఏ ఊళ్లో ఆట ఉంటే ఆ ఊరికి ముందే పోయి, కల్లు దుకాణంలో కూర్చుని, ఇక్కడ ఎవరు కుంటుతారు, ఎవరిని పెళ్లాం తిడుతుంది అని అడిగి, తాగుతూనే కాగితం మీద గీసుకుని, కథ మధ్యలో దూర్చేవాణ్ణి. తమ ఊరివాణ్ణి పరదా ముందు చూసి జనం పడి పడి నవ్వేవాళ్లు, నాకు ఇంకా కల్లు పోసేవాళ్లు. ఆ నవ్విన నోళ్ల మీద, నా నోటి మీద, నాకింకా మంట తగ్గలేదు.

చిట్యాల కల్లు దుకాణంలో, మగ్గం నేసే నర్సింహులు సంగతి చెప్పారు. నత్తి మనిషి, భార్య దేవమ్మను పిలవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడట. అదే ఆడాను. ఆ ఇద్దరూ ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం దేవమ్మ మా బస దగ్గరికి వచ్చింది. "ఊరందర్ని నవ్విచ్చినవు గద, రా, గిప్పుడు మా ఇంట్ల నవ్వియ్యి. నిన్నటి సంది మగ్గం గుంతల కూసున్నడు. బువ్వ ముడుతలేడు, నన్ను పిలుస్తలేడు" అంది.

కల్లు వాసనతోనే పోయాను. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో కూర్చున్న ఆయన తల ఎత్తలేదు. అప్పుడా తల్లి నా ఎదుటే చేతులెత్తి ప్రార్థించింది: "యేసయ్యా, గీ మనిషి నోరు ముయ్యి. మూసి, కడిగి, మల్ల తెరువు. నా మొగని నోరు గూడ తెరువు తండ్రీ."

ఆ రోజు ఆటలో పరదా ముందు నిలబడితే నోరు పెగల్లేదు, జనం చెప్పులు విసిరారు, నాకు తగిందే అది. వేషం విప్పేసి వాళ్లింటికి తిరిగి వచ్చి, గుంతలోకి దిగి ఆయన కాళ్లు పట్టుకున్నాను. నన్ను పొమ్మనలేదు. కల్లు లేక వణికే నా చేతులకు దేవమ్మ నేతకు నూలు కండెలు చుట్టే పని ఇచ్చింది, నేను ఏడుస్తూ చుడుతూ ప్రార్థిస్తూ ఎన్ని దినాలు గడిపానో నాకే తెలియదు. ఒకనాడు పొద్దున గుంతలోంచి ఆయన గొంతు వినపడింది: "దే... దే... దేవమ్మా, గీయనకు గూడ బువ్వ వెయ్యి."

దేవునికే మహిమ. ఆ బువ్వ తిన్నాక నేను కల్లు ముట్టలేదు.

నర్సింహులన్న నత్తి మాత్రం పోలేదు. నా కల్లు దాహం తీసేసి ఆయన నత్తి ఎందుకు ఉంచావని ప్రభువును కోపంగానే అడిగాను, ఇంకా అడుగుతున్నాను. అయినా ఆ ప్రభువునే నమ్ముతున్నాను. నాలాంటి నోరున్నవాళ్లు ఉంటే రండి, ఆయన దగ్గరికే రండి, కడుగుతాడు.

ఇప్పుడు వాక్యం చదివేది ఈ రెండో వరుసలో ఉన్న నర్సింహులన్న. ఎంతసేపు పట్టినా కూర్చోండి. లే అన్నా, చదువు.