పెట్టె కింద చప్పుడు

మా తాతగారికి ఒక తెల్లదొర ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిపోయిన పొడుగాటి అమెరికా కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. వెనక సీటు మడిస్తే శవపేటిక పడుతుంది. అందుకే బాపట్ల నుంచి రేపల్లె దాకా మా చర్చి సంఘంలో ఎవరు పోయినా నన్నూ కారునూ పిలుస్తారు. పెళ్ళిళ్ళకు మాత్రం మేం గుర్తుకు రాం. ఆ కారుకు క్లచ్ లేదు. గేరు వేసి బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, మనిషి నడకన దానంతటదే కదులుతుంది. సమాధుల దొడ్డికి ఆ నడక సరిపోతుంది.

కిందటి వర్షాకాలం రేపల్లెలో ఒక కుర్రాడు జ్వరంతో పోయాడు. ఆసుపత్రిలో డాక్టరు చూసి చెప్పాక, రాత్రంతా ఐసు పెట్టెలో ఉంచారు. పొద్దున్నే బయలుదేరాం, కారు వెనక జనం పాడుకుంటూ నడుస్తున్నారు. ఒక పాట ముగిసి ఇంకో పాట అందుకునే లోపు పెట్టె కింద నుంచి టక్, టక్, టక్ అని వినపడింది. ఎవరో వేలి కణుపుతో తలుపు కొడుతున్నట్టుంది. జనం ఆగిపోయారు. కుర్రాడి తల్లికి వాడొక్కడే కొడుకు. పెట్టెకు చెవి ఆనించి, తెరవమంది.

నాకు కోపం వచ్చింది. కారు ముసలిదైంది, చప్పుడు చేయక ఏం చేస్తుందని కసిరాను. పెద్దలు నా మాటే పట్టుకుని పాట గట్టిగా ఎత్తుకున్నారు. సమాధి దగ్గర ఇంజను ఆపి, తాళం ఎడమ గుప్పిట్లో పెట్టుకుని దిగాను. కుడిచేత్తో పిడికెడు మట్టి వేసి వచ్చేశాను.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ తల్లికి నిద్ర కరువైంది. ప్రాణం ఉన్న బిడ్డను పూడ్చామా అని కనపడిన వాళ్ళనల్లా అడిగేదట. చివరికి బాపట్ల వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. ఆ చప్పుడు కారుదే అయితే చూపించమంది, చూపించేదాకా కదలనంది. నాకు జాలి వేసింది.

ఇద్దరం తెనాలిలో పాత కార్లు బాగుచేసే సాయిబు గారి షెడ్డుకు వెళ్ళాం. గేరు వేసి బ్రేకు తొక్కిపెట్టమన్నాడాయన. టక్, టక్. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇదేనండి."

గేరుబాక్సు దించితే, దానికీ ఇంజనుకీ మధ్య పల్చటి ఉక్కు పళ్ళెం బయటపడింది. ఫ్లెక్స్ ప్లేటట. మధ్య బోల్టుల చుట్టూ సన్నగా పగిలి ఉంది. కారు వేగంగా పోతే తెలియదట, మెల్లగా నడిస్తేనే కొట్టుకుంటుందట. నా కారు మెల్లగా నడిచేది చావులకే.

అలాంటి ప్లేటు చెన్నైలో పాత సామాన్ల కొట్లో దొరికి వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంది. బిగించే రోజు ఆమె మళ్ళీ వచ్చి, పగిలిన పళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని అయ్యాక గేరు వేసి చూశాం. చప్పుడు లేదు. సంతోషించాల్సింది పోయి, ఆ నిశ్శబ్దం నాకెందుకో నచ్చలేదు. ఆమె మాత్రం ఏడుస్తూనే నవ్వింది. ఇక పడుకుంటానంది.

ఆమెను దింపడానికి అదే కారులో రేపల్లె వెళ్ళాం. సమాధుల దొడ్డి దాటాక అడిగింది.

"అన్నయ్యగారూ, పెట్టె గోతిలోకి దించేటప్పుడు కూడా కారు నడుస్తూనే ఉందాండి?"

ఎందుకని అడిగాను.

"అప్పుడు కూడా వినపడిందండి."

ఎడమ గుప్పిట్లో తాళం చల్లగా తగిలినట్టయింది.

"నడుస్తూనే ఉందమ్మా. నేను ఆపలేదు."

ఆమె తల ఊపింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే కళ్ళు మూసుకుంది. ఇల్లు వచ్చేసరికి పసిపిల్లలా నిద్రపోతోంది. ఎన్ని నెలల నిద్రో, లేపబుద్ధి కాలేదు. ఇంజను ఆపుదామని తాళం మీద చెయ్యి వేశాను. తిప్పడానికి భయం వేసింది. ఆమె లేచేదాకా ఇంజను అలా నడుస్తూనే ఉంది.