భూమేష్ కాలికి కట్టిన అంటు

సౌదీలోని జుబైల్ ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డుకి జ్ఞానమణి పేరే ధైర్యం. కడియం నర్సరీల్లో నాన్న మామిడికి అంట్లు కడుతుంటే నారలు అందిస్తూ పెరిగిన మనిషి, ఇక్కడ నర్సుగా మనుషుల అంట్లకు కాపలా కాస్తోంది. తన చేతిలో పడ్డాక మానకపోతే గాయానికే నామోషీ అంటుంది. ఆ ధీమా కొందరికి కంటగింపే కానీ, ఆమె పని చూశాక ఎవరూ నోరెత్తరు.

జగిత్యాల నుంచి వచ్చిన ఫిట్టర్ భూమేష్‌కి ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనిలో ఆవిరి కొట్టి పిక్క మీద తోలంతా ఊడొచ్చింది. డాక్టర్లు తొడ నుంచి పల్చటి చర్మం తీసి ఆ గాయం మీద పరిచారు. అది పట్టుకుంటే కాలూ నిలుస్తుంది, ఉద్యోగమూ నిలుస్తుంది. పట్టుకోవాలంటే మంచం దిగకూడదు, కడుపు నిండా తినాలి.

భూమేష్ మంచం దిగలేదు. తిండే మానేశాడు. శనివారం ఎంకన్నకు ఒక్కపొద్దన్నాడు. ఆదివారం ఆకలి లేదన్నాడు. సోమవారం రాజన్నకన్నాడు, మంగళవారం అంజన్నకన్నాడు. ఒక్కపొద్దున్నవాళ్లు ఒక పూటైనా తింటారు, ఇతను మంచినీళ్లు కూడా గుక్కెడుకి మించి తాగడం లేదు. మంచం కింద బెడ్‌పాన్ కడిగింది కడిగినట్టే ఉండటం చూశాక జ్ఞానమణికి సంగతి అర్థమైంది. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

"దేవుళ్ల మీద పెట్టకు తమ్ముడూ. నా చేత పాన్ ఎత్తించడానికి సిగ్గు, అంతేగా?"

భూమేష్ గోడవైపు తిరిగాడు. "అక్కా అని పిలుస్తున్న. అక్కతోని గా పని జేపిస్తే పాపం తాకదా?"

"అంటు కట్టి నీళ్లు మానేస్తే కొమ్మ ఎండిపోద్ది. ఇదీ అంతే. కింద నుంచి కొత్త చర్మంలోకి నెత్తురెక్కాలి. నువ్వు తినకపోతే ఎక్కడి నుంచొస్తది?"

ఆమె వాదన పెంచలేదు. వార్డుబాయ్ ఇనాయతుల్లాని పిలిచి ఆ పని అతనికి అప్పగించింది. గుడ్లు, కోడికూర, అన్నం తెప్పించి, పళ్లెం ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది. మర్నాటి నుంచి నిలబడాల్సిన అవసరం రాలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టర్ కంటే ముందు ఆమె కళ్లే గాయం మీద వాలాయి. ఒక అంచున కొంచెం నల్లబడింది. మిగతాదంతా గులాబీ రంగులో గట్టిగా అంటుకుని ఉంది. మెల్లగా వేలితో నొక్కితే తెల్లబడి, మళ్లీ ఎర్రబడింది. "పట్టింది," అంది జ్ఞానమణి, పట్టక ఏం చేస్తుందన్నట్టు. లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది.

కొన్నాళ్లకు డాక్టర్ అతన్ని నడవమన్నాడు. సాయానికి ఇనాయతుల్లా వచ్చాడు. భూమేష్ అతన్ని ఆగమన్నాడు. ఇన్నాళ్లూ ఆమె మొహంలోకి సూటిగా చూడని మనిషి, జ్ఞానమణి వైపు చెయ్యి చాచాడు.

"నువ్వు వట్టుకో అక్కా," అంటూ నేల మీద కాలు మోపాడు.