భోజనాల గదిలో తుపాకీ బొమ్మ

చేతి తుపాకుల అమ్మకాలను, బదిలీలను కెనడా కేంద్ర ప్రభుత్వం నిలిపివేసిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నన్ను నార్త్ యార్క్‌లోని ప్రధాన కార్యాలయం నుంచి సార్నియాలోని పెట్రోకెమికల్ ప్లాంటుకు లేబర్ రిలేషన్స్ అధికారిగా పంపారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. కుటుంబం రిచ్‌మండ్ హిల్‌లోనే ఉండిపోయింది. నేను ప్లాంటుకు పది నిమిషాల దూరంలో ఒక బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాను.

ఈ ఉద్యోగం ఏమిటో కొంత చెప్పాలి. యాజమాన్యానికీ యూనియన్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం సక్రమంగా అమలయ్యేలా చూడటం లేబర్ రిలేషన్స్ అధికారి పని. కార్మికుడి మీద చర్య తీసుకోవాలంటే మొదట నోటిమాట హెచ్చరిక, తర్వాత రాతపూర్వక హెచ్చరిక, ఆపైన సస్పెన్షన్, చివరికి తొలగింపు. ఇందులో ఒక మెట్టు దాటవేసినా ఆర్బిట్రేటర్ ముందు, అంటే ఇరుపక్షాలూ అంగీకరించిన తీర్పరి ముందు, కేసు నిలవదు. నోటిమాట హెచ్చరిక ఇచ్చినట్టు కూడా మేము కాగితం రాసి ఫైలులో పెడతాం.

కాగితం మీద నాకు గౌరవం ఎక్కువ. మా కుటుంబంలో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. మా నాన్నగారు తణుకు దగ్గర ఒక రైసుమిల్లులో బాయిలర్ చూసుకునేవారు. ఒక ఉదయం మేస్త్రీ వచ్చి, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. పద్దెనిమిదేళ్ళ పని ఆ ఒక్క మాటతో పోయింది. కారణమేమిటని అడగడానికి ఆయన చేతిలో చీటీ ముక్క కూడా లేదు. రాసి, సంతకం చేసి, తేదీ వేసిన కాగితం బలహీనుడికి రక్షణ అని నేను ఉద్యోగ జీవితమంతా నమ్మాను.

ప్లాంటులో అందరూ నిప్పంటుకోని కవరాల్, అంటే చొక్కా ప్యాంటు కలిసిన దుస్తులు, వేసుకుంటారు. భోజనాల గదిలోకి రాగానే పై సగం విప్పి నడుముకు కట్టుకుంటారు. లోపల వేసుకున్న టీషర్టు కనిపించేది అప్పుడే. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ డేల్ ఇరవై రెండేళ్ళ సర్వీసున్న సీనియర్. లైసెన్సున్న షూటర్, ఆదివారాలు గురి సాధనకు షూటింగ్ రేంజ్‌కు వెళ్ళేవాడు. తండ్రి తనకిచ్చిన పిస్టల్‌ను తన కూతురికి ఇవ్వాలనుకున్నాడు. కొత్త నిబంధనతో ఆ దారి మూసుకుపోయింది. అప్పటినుంచి అతను వారంలో రెండు మూడు రోజులు ఒక నల్ల టీషర్టు వేసుకొచ్చేవాడు. దాని మీద "లైసెన్సున్న యజమానిని, నేరస్థుణ్ణి కాను" అని ఇంగ్లీషులో ఉండేది. అక్షరాల కింద పిస్టల్ బొమ్మ. దాని గొట్టం చూసేవారి వైపు తిరిగి ఉండేది.

జూన్ మొదటివారంలో ల్యాబ్ టెక్నీషియన్ సౌజన్య నా గదికి వచ్చింది. నల్గొండ అమ్మాయి, సార్నియా కాలేజీలో చదివి, ఒక ఏజెన్సీ ద్వారా మా ప్లాంటులో కాంట్రాక్టు మీద చేరింది. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అంకుల్, ఐదు నిమిషాలు టైముందా?"

కూర్చోమన్నాను. చదువుకునే రోజుల్లో ఆమె ఒక గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌టైమ్ చేసేదట.

"ఒకడు లోపలికొచ్చి గన్ పెట్టిండు అంకుల్. ఇట్లనే, స్ట్రెయిట్‌గా. నన్నేం చేయలే, సిగరెట్లు తీసుకొని పోయిండు. అది అయిపోయింది, మర్చిపోయిన అనుకున్న. కానీ లంచ్‌ల ఆ షర్ట్ నా ఎదురుగ కూసుంటే ముద్ద దిగుతలేదు."

డేల్ ఏమైనా అన్నాడా అని అడిగాను.

"అయ్యో, ఆయన మంచోడే. చలికాలంల నా కారు స్టార్ట్ కాకపోతే ఆయనే వచ్చి బ్యాటరీకి జంప్ ఇచ్చిండు. నేనే చెప్దామంటే ఏడుపొస్తది. మీరు ఊరికే ఒక మాట చెప్పండి. నా పేరు చెప్పినా పర్లేదు. కంప్లైంట్ మాత్రం వద్దంకుల్. ఇంక తొమ్మిది వారాలైతే పీఆర్‌కి నా వన్ ఇయర్ అయిపోతది. నా పర్మిట్ కూడా అప్పటిదాకే ఉంది. అందాక ఏ లొల్లీ లేకుంట ఉంటే చాలు."

ఆమె లెక్క సరైనదే. పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, దరఖాస్తు చేయాలంటే ఆమెకు పన్నెండు నెలల పని అనుభవం కావాలి. అది పూర్తికావడం, వర్క్ పర్మిట్ గడువు ముగియడం దాదాపు ఒకే సమయానికి వచ్చాయి. మధ్యలో ఈ ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కునే వ్యవధి లేదు.

ఆఫీసులో అంకుల్ అనవద్దమ్మా అన్నాను.

"సరే సర్," అంది.

ఆ తర్వాత సంభాషణను ఇంగ్లీషులోకి మార్చాను. ఇలాంటి విషయం యాజమాన్యానికి తెలిసిన తర్వాత విచారణ జరపడం తప్పనిసరి అని వివరించాను. అది నిజమే. కానీ మా విధానపత్రంలోనే అనధికారిక పరిష్కారం అనే పేరా ఒకటి ఉంది. ఫిర్యాదుదారు కోరితే అధికారి అవతలివారితో నేరుగా మాట్లాడి విషయాన్ని ముగించవచ్చు. కొత్తగా చేరిన అధికారులకు ఆ పేరాను బోధించేది నేనే. ఆ రోజు దాని గురించి ఆమెకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ప్రధాన కార్యాలయంలో ఒకసారి నేను ఒక తెలుగు కుర్రవాడి సెలవు దరఖాస్తును త్వరగా పంపితే, "నీ వాళ్ళకి ఫాస్ట్ లైనా?" అని ఒక సహోద్యోగి నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నన్ను పదేళ్ళు వెంటాడింది. తెలుగమ్మాయి తెలుగులో అడిగిందని నేను డేల్ దగ్గరకు నడిచి వెళితే రేపు ఎవరేమంటారో అన్న ఆలోచన ముందు వచ్చింది.

ఆమె ఫారం నింపింది. మొదటి పేరాలో గ్యాస్ స్టేషన్ సంగతి రాసింది. ప్లాంటు బయట జరిగినదానికి ఇక్కడ సంబంధం లేదని, యూనియన్ దాన్ని పట్టుకుని ఆమె మనఃస్థితిని ప్రశ్నిస్తుందని చెప్పి, ఆ పేరా తీసేయించాను. వృత్తిరీత్యా అది మంచి సలహా. చివరికి మిగిలింది ఒకే వాక్యం: భోజనాల గదిలో సహోద్యోగి దుస్తులపై ఉన్న ఆయుధ చిత్రం, రాజకీయ నినాదం నాకు అసౌకర్యం కలిగిస్తున్నాయి. రాజకీయ నినాదం అన్న మాట నాది.

సంతకం పెట్టే ముందు ఆమె ఆగింది. "ఇది ఆయన చదువుతడా సర్?"

ఆరోపణ ఎదుర్కొనే వ్యక్తికి ఫిర్యాదు చూసే హక్కు ఉంటుందన్నాను.

"ఇదంతా నేను రాసినట్టు లేదు," అంది. సంతకం పెట్టింది.

నియమం ప్రకారం డేల్‌కు ముందుగా నోటీసు ఇచ్చి, యూనియన్ స్టీవర్డ్ బ్రెండా సమక్షంలో సమావేశం పెట్టాను. స్టీవర్డ్ అంటే కార్మికుల తరఫున కూర్చునే ప్రతినిధి. డేల్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. రాజకీయం అంటే ఏ పార్టీ అని అడిగాడు. నేను తర్వాతి అంశానికి వెళ్ళాను. తన తండ్రి పిస్టల్ గురించి చెప్పబోతే, విషయానికి పరిమితం కావాలని కోరాను. ఇద్దరి కథలనూ నేనే బయట ఉంచాను. గదిలో మిగిలింది తుపాకీ హక్కుల వాదన ఒక్కటే.

ఆ సాయంత్రం ప్లాంట్ మేనేజర్, ఒక మనిషిని వేరుచేసినట్టు కనిపించకూడదని, ప్లాంటు ఆవరణలో రాజకీయ సందేశమున్న దుస్తులన్నిటినీ నిషేధిస్తూ ఒక నోటీసు రాయమన్నాడు. నేను రాశాను. భాషాపరంగా అందులో లోపం లేదు.

తర్వాతి సోమవారం భోజనాల గదిలో డేల్ షిఫ్టు మొత్తం అదే నల్ల టీషర్టుతో కూర్చుంది. ఎవరో బాక్సు నిండా అచ్చు వేయించి తెచ్చారు. వాళ్ళలో చాలామంది జీవితంలో తుపాకీ పట్టుకోనివారు. బ్రెండా పాలసీ గ్రీవెన్స్ వేసింది. అంటే ఒక వ్యక్తి కోసం కాక, నియమమే చెల్లదంటూ యూనియన్ చేసే ఫిర్యాదు. దానికి జతగా ఒక ఫోటో పెట్టింది. కంపెనీ పిక్నిక్‌లో మేనేజర్ బర్గర్లు కాలుస్తున్నాడు, నెత్తిన వివాదాస్పద చమురు పైప్‌లైన్లకు మద్దతు తెలిపే టోపీ.

"మీ నోటీసు ఈ టోపీకి కూడా వర్తిస్తుందా, లేక బర్గర్లు కాల్చేవాళ్ళకి మినహాయింపా?" అని అడిగింది. తర్వాత తలుపు దగ్గర ఆగి, మెల్లగా మరో మాట అంది. "ఆ పిల్ల పేరు మావాళ్ళు కనిపెట్టి తెలుసుకోలేదు. మీరు ఇచ్చిన కాగితంలోనే ఉంది."

గ్రీవెన్స్ తేలేదాకా నోటీసు అమలు ఆగింది, టీషర్టులు అలాగే ఉన్నాయి. సౌజన్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను చర్య తీసుకునేవాణ్ణి. నమూనా సీసాలు తెచ్చే ఆపరేటర్లు కౌంటర్ మీద పెట్టి, లేబుల్ ఆమె వైపు తిప్పి, వెళ్ళిపోయేవారు. గుడ్ మార్నింగులు ఆగిపోయాయి. ఆమె మధ్యాహ్నం కారులో కూర్చుని తినడం మొదలుపెట్టింది. నా కిటికీలోంచి ఆ పార్కింగ్ కనిపించేది. మౌనం మీద ఫిర్యాదు నింపడానికి మా దగ్గర ఫారం లేదు.

జూలైలో ఒక ఎండ రోజు కారులో ఉండలేక ఆమె భోజనాల గదిలోకి వెళ్ళింది. డబ్బా మూత తీయకుండానే బయటికి వచ్చింది. నేరుగా నా గదికి వచ్చి బ్యాడ్జి బల్ల మీద పెట్టింది.

ఇంకా ఐదు వారాలే కదా అన్నాను. తెలుగులోనే అన్నాను.

"అప్పుడు ఒకటే ఉండె సర్. ఇప్పుడు పన్నెండు. నేను గదిల అడుగుపెట్టంగనే అన్నీ నా వైపే." బ్యాడ్జిని నా వైపు జరిపింది. "మీరు చెప్పుంటే అయిపోతుండె. అంకుల్ అంటే మీకు నచ్చదు కదా, ఇంకేం అడుగుత."

పర్మిట్ ముగిసిన వారానికి ఆమె నల్గొండ వెళ్ళిపోయిందని ఏజెన్సీ వారి ఈమెయిల్‌లో చదివాను. నేను ఆమెకు ఫోన్ చేయలేదు. ఏమని చేయాలో తోచలేదు.

సెప్టెంబరులో కేసు ఆర్బిట్రేషన్ దాకా వెళ్ళకుండా రాజీ కుదిరింది. యాజమాన్యం ఏకపక్షంగా పెట్టే నియమం సహేతుకంగా, స్పష్టంగా ఉండాలి, అందరికీ ఒకేలా అమలు కావాలి. మాది ఆ మూడు పరీక్షల్లోనూ నిలిచేది కాదు. నోటీసు వెనక్కు తీసుకున్నాం. తన మీద వచ్చిన ఫిర్యాదు కూడా ముగిసిందన్న కాగితం మీద సంతకానికి డేల్ వచ్చాడు. ఆ రోజు మామూలు బూడిదరంగు చొక్కా వేసుకున్నాడు. గెలిచినవాడిలా కనిపించలేదు. ఆ అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయిందని అడిగాడు. అప్పటికి గోప్యత కాపాడటానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి గ్యాస్ స్టేషన్ సంగతి చెప్పాను.

అతను పెన్ను కింద పెట్టాడు. "ఆ కాగితంలో ఇది లేదు," అన్నాడు.

లేదన్నాను.

"నా లాకర్‌లో ఎప్పుడూ ఇంకో చొక్కా ఉంటుంది. వచ్చి చెబితే మార్చుకునేవాణ్ణి. రెండు నిమిషాల పని." తర్వాత సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ నల్ల టీషర్టును అతను మళ్ళీ వేసుకోగా నేను చూడలేదు. మిగతావాళ్ళు మాత్రం నేను పదవీ విరమణ చేసేవరకూ వేసుకుంటూనే ఉన్నారు. దాని అర్థం వాళ్ళకు గుర్తుందో లేదో తెలియదు.

ఆ ఏడాది చివర అంతర్గత తనిఖీ జరిగింది. ప్రతి నోటీసూ గడువులో ఉందని, ప్రతి సమావేశానికీ నమోదు ఉందని, ఫైలు ఆదర్శంగా ఉందని తనిఖీ అధికారి రాశారు. ఆయన రాసింది నిజం. ఆ ఫైలులో నేను చేసిన తప్పు ఎక్కడా కనిపించదు.

కాగితం లేక మా నాన్నగారి ఉద్యోగం పోయింది. అందువల్ల కాగితం ఉంటే చాలునని నేర్చుకున్నాను. సార్నియాలో తెలుసుకున్నది ఇది: ఎవరైనా ఒక మాట సాయం అడిగినప్పుడు అధికారి ఫారం అందిస్తే, ఆ ఫారం ఎవరిని కాపాడుతుందో ముందు చూసుకోవాలి. ఆ జూన్‌లో అది నన్ను కాపాడింది.